తొట్టి నీళ్ళు

మూడోసారి కూడా ఏడో నంబరు సీసా తొమ్మిదే చూపించింది.

సీసాలమ్మ పొద్దున ఎనిమిదింటి నుంచీ ల్యాబులో యంత్రం ముందు నిలబడే ఉంది. కరెంటు రెండుసార్లు పోయింది. పోయినప్పుడల్లా లెక్కింపు సగంలో ఆగిపోయి మళ్ళీ మొదటినుంచీ పెట్టాల్సి వచ్చింది. ఆ సందులోనే కింది గదిలోంచి మట్టి డబ్బాలు పద్నాలుగూ రెండంతస్తులు మోసుకొచ్చింది. డబ్బా చిన్నదే. కాని లోపల ఎండబెట్టి, దంచి, జల్లించిన మట్టిని గట్టిగా కూరి, మూత చుట్టూ మైనం పోసి నెల్లాళ్ళు కదపకుండా ఉంచినవి అవి. మైనం బీటవేసిందంటే ఆ నెల్లాళ్ళూ దండగే. అందుకని ఒక్కోదాన్నీ రెండు చేతులా పట్టుకుని, మెట్టుమెట్టుకీ ఆగి తెచ్చింది.

హాజరు పుస్తకంలో ఆమెకి వేరే పేరుంది. చేరిన కొత్తలో ఎవరో పై అధికారి "ఆ సీసాల అమ్మాయిని పిలవండి" అన్నాడట. అప్పటినుంచీ అటెండర్ల దగ్గర్నుంచి సారు దాకా అందరికీ ఆమె సీసాలమ్మే. రోజుకి నాలుగు వందల యాభై. ఏడాదికోసారి ఒప్పందం కాగితం మళ్ళీ రాస్తారు. ఇప్పటికి మూడుసార్లు రాశారు. నాలుగోది వచ్చే నెలలో ఉంది.

ఊరి పైభాగమంతా రాతి మీదే కట్టారు. ఏ రాతిలోనైనా, ఏ మట్టిలోనైనా పుట్టుకతోనే కాస్త రేడియోధార్మికత ఉంటుంది. కొన్నిచోట్ల ఎక్కువ, కొన్నిచోట్ల తక్కువ. ఎక్కువున్న చోట, రాతి లోతుల్లో నిలిచిన నీళ్ళలో ఒక వాయువు కలిసి ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పేరు రేడాన్. నీళ్ళు పైకి రాగానే అది గాలిలోకి పోతుంది, మూసిన గది అయితే ఆ గదిలోనే ఉండిపోతుంది. ఏళ్ళ తరబడి పీల్చిన వాళ్ళ ఊపిరితిత్తులకి అది మంచిది కాదు. ఆరోగ్య కార్యాలయం వాళ్ళు పైభాగంలో పద్నాలుగు చోట్ల మట్టీ నీళ్ళూ కొలిచి చెప్పమన్నారు. లీటరు నీళ్ళలో రేడాన్ కొలత వంద దాటితే ఏదో ఒక ఏర్పాటు చెయ్యాలని వాళ్ళ నియమం.

పదమూడు చోట్ల మట్టి ఎలా ఉంటే నీళ్ళూ అలాగే ఉన్నాయి. మట్టిలో ఎక్కువైతే నీళ్ళలో నూట నలభై, నూట ఎనభై. బడి వెనకాల బోరులో రెండు వందల పది. లాండ్రీ ఒక్కటే లెక్కకి అందకుండా ఉంది. పద్నాలుగు డబ్బాల్లోకీ లాండ్రీ ఆవరణలో తీసిన మట్టిదే పెద్ద అంకె. వాళ్ళ బోరు మూడు వందల నలభై అడుగులు, అన్నిటికన్నా లోతు. నీళ్ళు మాత్రం తొమ్మిది.

సారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని అంకె చూశాడు. ఆయనకి ఇంకా రెండేళ్ళ సర్వీసుంది. రాళ్ళన్నీ ఒక్కలాగే ఉంటాయా అన్నాడు. ఎక్కడో పగుల్లోంచి కొత్త నీరు వచ్చి కలుస్తూ ఉండొచ్చు, ఇలాంటివి తన సర్వీసులో చాలా చూశానన్నాడు. నాలుగింటికి లాండ్రీ మేనేజరు వచ్చి రిపోర్టు కాపీ తీసుకెళ్తాడు, ఆసుపత్రి దుప్పట్ల కాంట్రాక్టు మళ్ళీ ఇవ్వడానికి వాళ్ళకి ఈ కాగితం కావాలట, ఈలోగా నమూనాల పట్టిక మీద సంతకం పెట్టెయ్యమన్నాడు.

పట్టికలో ఏడో వరుస దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. అన్ని వరుసలకీ అచ్చేసిన మాటే అది: "నమూనా గొట్టం వద్ద, నా ఎదుట పట్టబడినది."

మొన్న జరిగింది ఆమెకి బాగా గుర్తుంది. మిగిలిన పదమూడు చోట్లా తనే బోరు గొట్టం దగ్గర కూర్చుంది. పంపు పావుగంట తిప్పించి, బకెట్లో నీళ్ళు పొర్లుతుంటే సీసాని ఆ నీళ్ళలోపలే ముంచి, నిండాక అక్కడే మూత బిగించింది. లాండ్రీలో మాత్రం గుమ్మం దగ్గరే మేనేజరు ఆపేశాడు. లోపల ఆసుపత్రి తెల్ల దుప్పట్లున్నాయి, బయటి మనిషి దుమ్ముతో రావడానికి వీల్లేదన్నాడు. చెప్పులు విప్పి వస్తానంది. అయినా వీల్లేదన్నాడు. దుమ్ము పడకూడదనే ఆ హాలు కిటికీలన్నిటికీ మరలు బిగించేశారు. చేసేది లేక సీసాని తలుపు సందులోంచి తన అక్క చేతికిచ్చింది. అక్కది ఆ హాల్లో పదకొండేళ్ళ ఉద్యోగం. నిండా పట్టాలి, ఒక్క బుడగ కూడా ఉండకూడదు, మూత గట్టిగా బిగించాలి అని రెండుసార్లు చెప్పింది. పది నిమిషాల్లో అక్క తెచ్చిచ్చింది. పద్నాలుగు సీసాల్లోకీ అంత చక్కగా నిండిన సీసా మరోటి లేదు. అక్క చెయ్యి తగిలితే పని అలాగే ఉంటుందని అప్పుడు మురిసిపోయింది కూడా. చీటీ మీద "గొట్టం వద్ద" అని రాసి అంటించింది.

పెన్ను కింద పెట్టి, భోజనానికి వెళ్ళొస్తానని సారుతో చెప్పింది. ఎండన పడి తిరక్కుండా తిని రమ్మన్నాడు ఆయన.

లాండ్రీ వెనకవైపు మెట్ల మీద ఆడవాళ్ళు కూర్చుని తింటున్నారు. తలుపు తెరిచినప్పుడల్లా లోపలి ఆవిరి గుప్పున వచ్చి తగులుతోంది. అక్క పక్కన బొంగురు వదిన ఉంది. వరస కలుపుకున్న వదినే తప్ప చుట్టం కాదు. యంత్రాల మోత మీద అరిచి అరిచి గొంతు అలా అయిందని ఆవిడే చెప్పుకుంటుంది.

"వచ్చిందమ్మా నీళ్ళ డాక్టరు," అంది వదిన. "ఏం, మా నీళ్ళకి జ్వరమేమన్నా తగిలిందా?"

మెట్ల మీద అందరూ నవ్వారు. అక్క పక్కకి జరిగి చోటిచ్చి, తిన్నావా అని అడిగింది. తిన్నానని అబద్ధం చెప్పింది సీసాలమ్మ.

"అక్కా, మొన్న ఆ సీసా ఎక్కడ పట్టావు?"

"ఎక్కడేంటే? హాల్లోనే."

"గొట్టం దగ్గరేనా?"

అక్క ముఖం వికసించింది. ఎప్పుడడుగుతుందా అని చూస్తున్నట్టుంది. "గొట్టం నీళ్ళు ఎవరన్నా ఇస్తారటే? వచ్చినప్పుడు పాలలాగా తెల్లగా ఉంటాయి, అన్నీ బుడగలే. నువ్వేమో ఒక్క బుడగ ఉండకూడదంటివి. పొద్దున తొట్టిలోకి వదిలి పెట్టినవి ఉన్నాయి, బాగా తేరుకున్నవి. పైన గుడ్డ వేసి వడగట్టి, చెంబుతో మెల్లిగా పోశాను. పదిమందిలో నీ పరువు పోకూడదు కదా."

లాండ్రీలో పని ఎప్పుడూ అలాగే జరుగుతుంది. పచ్చి నీళ్ళలో తెల్లబట్ట వేస్తే మచ్చ పడుతుందని, హాలు పొడుగునా పన్నెండు తొట్లలోకి నీళ్ళు పైనుంచి వదిలి, పూటంతా తేరనిచ్చి, అప్పుడు వాడతారు. కొత్తగా వచ్చిన మనిషికి మొదట నేర్పేది అదే. ఇంటికొచ్చిన మనిషికి ఉన్నవాటిలో మంచి గ్లాసు వెతికి ఇచ్చినట్టే, అక్క ఆమెకి ఉన్నవాటిలో మంచి నీళ్ళు ఇచ్చింది.

సీసాలమ్మ సోడా మూత తీసి పెడితే ఏమవుతుందని అడిగింది.

"గ్యాసు పోయి చప్పబడుతుంది," అంది వదిన.

నేను కొలవాల్సింది కూడా అలాంటి గ్యాసే అని చెప్పింది. నీళ్ళు పైనుంచి పడ్డప్పుడూ, తొట్లో పూటంతా నిలిచినప్పుడూ అది పోతుంది. ఏమీ మిగలని నీళ్ళు తీసుకెళ్ళి తను కొలిచింది.

"పోతే మంచిదేగా," అంది వదిన. "పీడా పోయింది."

"ఎక్కడికి పోయింది వదినా?"

వదిన నమలడం ఆపింది. మెట్ల మీద ఒకరిద్దరు వెనక్కి తిరిగి, సగం తెరిచున్న తలుపు లోపలికి చూశారు. ఆవిరి తప్ప ఏమీ కనపడలేదు. కనపడేది కాదు కూడా.

అక్క ఆమె చెయ్యి పట్టుకుని గోడ పక్కకి తీసుకెళ్ళింది. ఆ వేళ్ళ చివరలు నానిపోయి ముడతలు పడి ఉన్నాయి. ఇంతకీ ఇప్పుడేం చేస్తావని అడిగింది. మళ్ళీ గొట్టం దగ్గర పట్టాలంది చెల్లెలు. సంచీలో ఖాళీ సీసా తెచ్చానంది. పాత సీసాకే నాలుగింటిలోగా సంతకం పెట్టమంటున్నారని చెప్పింది. ఎక్కువని తేలితే పెద్దగా చెయ్యాల్సింది కూడా లేదు, నీళ్ళు ముందు డాబా మీద తొట్లో పడేట్టు చేసి అక్కడ తేరనివ్వాలి, కిటికీలు తీసి ఫ్యాన్లు పెట్టాలి, అంతే అంది.

"అంతేనా," అంది అక్క. "దానికి రెండు నెలలు మూసేస్తారు. పోయినేడు బాయిలరు చెడి పదకొండు రోజులు మూశారు, గుర్తుందా? తెరిచాక ఆరుగుర్ని రావద్దన్నారు. ఎందుకని అడిగిన వాళ్ళు లేరు. ఈసారి ఆ ఆరుగురిలో నేనుంటాను. నా చెల్లెలే కదా మూయించింది."

"అక్కా, ఆ గాలి మంచిది కాదు."

"నేనేమన్నా రేపు చస్తానా?"

"రేపు కాదు."

"మరెప్పుడు?"

దీనికి జవాబు సీసాలమ్మకి తెలుసు. చెప్పడమే కష్టమైంది. పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో ఎవరో కొందరికి వస్తుంది, చాలామందికి అసలేం కాకపోవచ్చు, ఎవరికన్నది ఎవరూ చెప్పలేరు అంది.

"అంటే ఎప్పుడో వస్తుందో రాదో తెలియని జబ్బుకి భయపడి, ఇవాళ్టి కూడు మానుకోమంటావు." అక్క గొంతు పెంచలేదు. "నాకిచ్చేది ఐదు వందల ఇరవై. ఊరంతా తిరిగి అడుగు, ఆడమనిషికి ఐదు వందల ఇరవై ఎవరిస్తారో."

సీసాలమ్మకి దుప్పట్లు మడతపెట్టే పెద్దమ్మ గుర్తొచ్చింది. పంతొమ్మిదేళ్ళు ఆ హాల్లోనే చేసి, ఊపిరితిత్తుల జబ్బుతో పోయినేడు పోయింది. బీడీ ముట్టిన మనిషి కాదు. ఆమెకి దీనివల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. కాదని కూడా చెప్పలేరు. ఆ మాట నోటిదాకా వచ్చింది. అక్క కళ్ళు చూశాక, అక్కకీ అదే గుర్తొచ్చిందని తెలిసి అనలేదు. సంచీలోంచి సీసా తీసి చాపింది.

"నేను పట్టను. ఉన్నదానికే సంతకం పెట్టెయ్," అంది అక్క.

లోపల గంట మోగింది. ఆడవాళ్ళు గిన్నెలు కడుక్కుని ఒక్కొక్కరే లేచారు. అక్క కొంగుతో చేతులు తుడుచుకుని, వెనక్కి చూడకుండా తలుపు తోసుకుని వెళ్ళిపోయింది. సీసాలమ్మ చుట్టూ తిరిగి ముందు గుమ్మం దగ్గరికి వెళ్ళి, గొట్టం దగ్గరికి ఐదు నిమిషాలు వెళ్ళనివ్వమని కాపలా మనిషిని అడిగింది. మేనేజరుగారు మీ ఆఫీసుకే బయల్దేరారు, ఆయన లేకుండా ఎవర్నీ వదలనన్నాడు అతను.

ఆమె నడిచి వచ్చేసరికి మేనేజరు సారు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. మెత్తగా మాట్లాడే మనిషి. మొన్న గుమ్మం దగ్గర ఆపినప్పుడు కూడా మెత్తగానే ఆపాడు. రిపోర్టు టైపు చేసి బల్ల మీద ఉంది. పట్టిక దాని పక్కనే ఉంది.

"రామ్మా, నీ కోసమే చూస్తున్నాం," అన్నాడు సారు. "ఆ సంతకమొక్కటి పెట్టేస్తే ఆయన వెళ్ళిపోతారు."

ఆమె కూర్చోలేదు. సంచీ భుజం మీంచి తియ్యలేదు.

"ఏడో నంబరు గొట్టం నీళ్ళు కాదు సార్. తొట్లో తేరిన నీళ్ళు. ఇప్పుడే కనుక్కుని వచ్చాను."

మేనేజరు నవ్వాడు. తొట్లోకి వచ్చేవి కూడా గొట్టం నీళ్ళేనమ్మా అన్నాడు. సారు నవ్వలేదు. కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి దించుకున్నాడు. పూట నిలిచిన నీళ్ళకీ అప్పుడే పైకొచ్చిన నీళ్ళకీ తేడా ఏమిటో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"చీటీ మీద గొట్టం వద్ద అనుంది. నీ చేతిరాతే."

"చూడకుండా రాశాను సార్. తప్పు నాదే."

సారు చాలా నెమ్మదిగా, తెలిసే మాట్లాడుతున్నావా అని అడిగాడు. ఒక చీటీ తప్పని ఒప్పుకుంటే మిగిలిన పదమూడూ నమ్మరు, మూడు నెలల పని మట్టిలో కలుస్తుంది, వచ్చే నెల నీ కాగితం నా ముందుకొస్తే నేనేమని రాయాలి అన్నాడు. బెదిరింపులా లేదు. ఆయనే భయపడుతున్నట్టుంది.

"పదమూడూ నా చేత్తో పట్టాను. ఎవరడిగినా చెప్తాను. ఇది పట్టలేదు."

"ఇంతకీ పట్టిందెవరు?" అన్నాడు మేనేజరు. అతనికి తెలుసు. అయినా జవాబు కోసం ఆగాడు. ఆమె చెప్పకపోయేసరికి తనే అన్నాడు. "మీ అక్క కదూ? అంటే మా మనిషే మిమ్మల్ని మోసం చేసిందంటావు. సరేనమ్మా. అలాంటి మనిషిని పన్లో ఎలా ఉంచుకోమంటావు, నువ్వే చెప్పు."

నడిచి వస్తున్నంతసేపూ ఆమె తన ఉద్యోగం గురించి ఆలోచించింది. లాండ్రీ మూస్తారేమోనని ఆలోచించింది. ఇది మాత్రం తట్టలేదు. అక్క పరువు కోసం వడగట్టి ఇచ్చిన నీళ్ళు అక్క మీదే నేరమవుతాయని అనుకోలేదు. బల్ల అంచు పట్టుకుంది.

"మోసం కాదండీ," అంది. "మీరు నన్ను లోపలికి రానివ్వలేదు. అందుకే ఆమె పట్టింది."

మేనేజరు సారు వైపు తిరిగాడు. ఇక ఆమెతో మాట్లాడే పని లేదన్నట్టుంది. నలభై మంది బతుకులున్నాయి సార్ అన్నాడు. ఆసుపత్రి వాళ్ళు రేపటికల్లా కాగితం చూపించమన్నారు, లేకపోతే దుప్పట్లు వేరేచోటికి పోతాయన్నాడు. మళ్ళీ కొలుస్తామంటే తను వద్దనడం లేదు, వచ్చే ఏడాది నిక్షేపంగా కొలుచుకోవచ్చన్నాడు.

సారు పట్టికని ఆమె ముందుకి జరిపాడు. ఈ ఏటికి ఇలా పోనిద్దాం, వచ్చే ఏడు ముందుగా లాండ్రీతోనే మొదలుపెడదాం, నేనే వస్తాను గొట్టం దగ్గరికి అన్నాడు. చెప్తున్నప్పుడు ఆయన చూపు ఆమె మీద లేదు, కాగితం మీదుంది.

ఏడాది. ఆమెకి తెలియకుండానే మనసు లెక్క కట్టింది. రోజుకి పది గంటలు, వారానికి ఆరు రోజులు, మరలు బిగించిన కిటికీలు.

పెన్ను తీసుకుంది. మేనేజరు వీపు కుర్చీకి ఆనింది. ఆమె ఏడో వరుస మీదికి వంగి, "గొట్టం వద్ద, నా ఎదుట" అన్న మాటల్ని ఒక్క గీతతో కొట్టేసి, పక్కన ఖాళీలో గుండ్రటి అక్షరాలతో "తొట్టి నీళ్ళు. పట్టినప్పుడు నన్ను లోపలికి రానివ్వలేదు" అని రాసింది. దాని కింద సంతకం పెట్టింది. తక్కిన పదమూడు వరుసలకీ ఒక్కొక్కటిగా సంతకం పెట్టుకుంటూ పోయింది.

సారు పట్టిక తీసుకుని చదివాడు. మళ్ళీ చదివాడు.

"నువ్వు బయట కూర్చో," అన్నాడు.

బయట మెట్ల మీద కూర్చుంది. లోపల మేనేజరు మాట్లాడుతున్నాడు, సారు ఊ కొడుతున్నాడో లేదో వినపడటం లేదు. పొద్దుటినుంచీ తిననిది ఇప్పుడు తెలుస్తోంది. ఫోను మోగింది. అక్క.

"సంతకం పెట్టావా?" అంది అక్క. వెనక యంత్రాల మోత.

"నువ్వు అడిగినట్టు పెట్టలేదు."

"నా పేరొచ్చిందా?"

అబద్ధం చెప్పడానికి ఆమెకి ఒక్క క్షణం ఉంది. "వచ్చింది," అంది.

అటువైపు నీళ్ళు పైనుంచి తొట్లో పడుతున్న శబ్దం వస్తోంది, ఎవరో దగ్గారు, బొంగురు గొంతు ఏదో అడిగింది. అక్క ఫోను పెట్టెయ్యలేదు. సీసాలమ్మ అక్కా అని ఒకసారి పిలిచింది.

"మెట్ల మీద నువ్వన్నదంతా వీళ్ళు విన్నారు," అంది అక్క చివరికి. "అప్పట్నుంచీ నన్ను తినేస్తున్నారు. తొట్ల దగ్గరికి పోనంటోంది మీ వదిన. అందరూ ఇక్కడే నిలబడ్డారు. వీళ్ళకి నువ్వొచ్చి చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

ఆ గొంతులో కోపమెంతో, అది కాక ఇంకేదన్నా ఉంటే అదెంతో ఆమెకి తెలియలేదు. వెనక గదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. సంచీ భుజాన సర్దుకుని లేచి నిలబడింది.

"వస్తున్నా," అంది.